ఒక్క బండకి బోలెడు పేర్లు

ఒక పెద్ద అడవిలో ముళ్ళు ఎక్కువ. కథలు చెప్పేవాళ్ళంతా అడవి అనగానే పులిని తెచ్చి ముందు నిలబెడతారు గానీ ముళ్ళ సంగతి ఒక్కడూ ఎత్తడు. ఎత్తడానికి వాళ్ళెప్పుడైనా చెప్పుల్లేకుండా అడవిలో నడిచిన పాపాన పోతే కదా! పులి ఏ నెలకో ఒకసారి ఎదురవుతుంది. రేగుముల్లు రోజూ గుచ్చుకుంటుంది.

అందుకని ఆ అడవిలో ముళ్ళు తీసేవాళ్ళకి మంచి గిరాకీ ఉండేది. వాళ్ళలో బాగా చేయి తిరిగినది సుంకులమ్మ అనే కొండముచ్చు. ముల్లు దిగిన చోట జిల్లేడు పాల చుక్క వేసి, "మీ పెద్దమ్మాయికి పిల్లలా?" అని మాటల్లో పెట్టేది. అవతలివాళ్ళు "ఆ, ఇద్దరు..." అనేలోగా ముల్లు ఆవిడ వేళ్ళ మధ్యకి వచ్చేసేది. ఉన్నవాళ్ళు నాలుగు ఇప్పపూలు ఇచ్చేవాళ్ళు, లేనివాళ్ళు దణ్ణం పెట్టి వెళ్ళేవాళ్ళు.

ఆవిడ కూర్చునే చోటుని నీడబండ అనేవాళ్ళు. ఎంత ఎండలోనైనా చల్లగా ఉండే బండ, పక్కనే ఊట, వెనకాల చిన్న గుహ. ఆ గుహలోనే ఆవిడ కాపురం. అయితే ఆ బండ ఆవిడ సొంతం కాదు, అడవి సభది. ఏటా ముళ్ళ కాలం అయిపోగానే సభ కూర్చుని, ముల్లు తీసేవాళ్ళలో ఎవరి పేరు ముందుంటే వాళ్ళకి మరుసటి ఏడాదికి ఆ బండ రాసిచ్చేది. సుంకులమ్మకి బండ పోయిందంటే ఇల్లూ పోయినట్టే.

ఎవరి పేరు ముందుందో ఎలా తెలుస్తుంది అంటారా? దానికే గోరింక ఉంది.

ఆ గోరింక పేరు పలుకులమ్మ. నాలుగు దారులు కలిసే చోట నల్లమద్ది చెట్టు మీద కూర్చునేది. "తేనె ఎక్కడ?" అంటే టకటకా వరసగా పేర్లు చదివేది. "ముల్లు తీసేదెవరు?" అంటే మళ్ళీ వరసగా పేర్లు. జంతువులకి అంత ఓపిక ఎక్కడిది? మొదటి పేరు చెవిన పడగానే అటు పరిగెత్తేవి. రెండో పేరు దాకా ఆగినవాడు మహా నిదానస్తుడు. ఐదో పేరు విన్నవాణ్ణి ఆ అడవిలో ఎవరూ చూడలేదు.

పళ్ళు తెచ్చిపెట్టినవాళ్ళుంటే వాళ్ళ పేరు అందరికంటే ముందు గట్టిగా చెప్పి, "ఇది పళ్ళిచ్చినవాళ్ళ మాట" అని గొంతులో గొణిగేది. సభవాళ్ళు ఆ పళ్ళమాటని వదిలేసి తర్వాత పేరునే మొదటి పేరుగా తీసుకునేవాళ్ళు. మామూలు జంతువులకి ఆ తేడా తెలిసేది కాదు. ఆవిడ తెలియనిచ్చేది కూడా కాదు.

వరస వేయడానికి పలుకులమ్మకి రెండు ఆధారాలు. ఒకటి చీమలు. ప్రతి దారీ పాకి, చివర ఏముందో చూసొచ్చి ఆవిడ చెవిలో చెప్పేవి. అన్ని చీమలు రోజూ ముక్కు ముందు తిరుగుతున్నా ఆవిడ ఒక్కదాన్ని కూడా తినేది కాదు, కొలువులో ఉన్నవాళ్ళు కదా మరి. రెండోది చెలమ మాట. ఆ అడవిలో ఒక ఆనవాయితీ ఉంది. సాయంత్రం చెలమ దగ్గర నీళ్ళు తాగే ముందు ప్రతి జంతువూ ఆ రోజు ఎవరి దగ్గరికి వెళ్ళిందో పేరు పెట్టి పైకి అనాలి. అన్నాకే మూతి నీళ్ళలో పెట్టాలి. పలుకులమ్మ పైనుంచి వినేది. ఏ పేరు ఎక్కువసార్లు వినపడితే దాన్ని పైకి ఎక్కించేది. పేరు తర్వాత చెప్పే సోది ఆవిడ చెవికి ఎక్కేది కాదు.

ఇన్నేళ్ళుగా "సుంకులమ్మ దగ్గరికెళ్ళాను" అన్న మాటే ఆ చెలమ దగ్గర ఎక్కువ వినపడేది. ఆవిడకి ఏ లోటూ లేదు. లోటు లేనప్పుడు తిన్నగా కూర్చోవచ్చు కదా! అబ్బే, కూర్చోనిస్తారా?

ఆ ఏడు ముళ్ళ కాలం మొదలవగానే పరిమళరావు అనే పునుగుపిల్లి నీడబండకి వచ్చాడు. కాలిలో ముల్లేమీ లేదు, ఊరికే వచ్చాడు. వాడికంటే ముందు వాడి వాసన వచ్చింది. పక్క అడవిలో పెద్ద పెద్దవాళ్ళకి పేరు తెచ్చిపెట్టానని చెప్పుకునేవాడు. ఆ పెద్దవాళ్ళెవరో ఇంతవరకూ ఎవరూ కనుక్కోలేదు.

"సుంకులమ్మక్కా, పలుకులమ్మ ఈ మధ్య ముల్లు అనగానే ఎవరి పేరు చెప్తోందో విన్నావా?"

"నాదే. ఇంకెవరిది చెప్తుంది?"

"నీదేలే. మరి రెండోది?"

"కోతి ఈరన్నది. అయితే ఏంటి?"

"పోయినేడు ఈరన్న ఆఖరున ఎక్కడో ఉండేవాడు. ఇప్పుడు రెండోవాడు. సభ కూర్చునే నాటికి..." అని ఆపేశాడు. మిగతాది ఆవిడే ఊహించుకుని భయపడాలని వాడి ప్లాను. ఆవిడ చక్కగా భయపడింది.

ఈరన్న సంగతి చెప్పాలి. ఎండిపోయిన వాగు గట్టు మీద తుప్ప కింద కూర్చునే ఎర్రమూతి కోతి. ముల్లుని పళ్ళతో పట్టి లాగేవాడు. సగం బయటికి వచ్చేది, సగం లోపలే విరిగేది. "అంతే, అయిపోయింది, రెండ్రోజులు సలుపుతుంది" అని పంపించేసేవాడు. కాలు వాచి, చీము పట్టి, వాడి దగ్గరికి వెళ్ళొచ్చినవాళ్ళు చెలమ దగ్గర వాడి వంశాన్నంతా దులిపేవాళ్ళు. "ఈరన్న దగ్గరికెళ్ళాను, వాడి చేతులు పడిపోను!" అని అరిచేవాళ్ళు. పలుకులమ్మ లెక్కలోకి "ఈరన్న" వెళ్ళేది, చేతులు పడిపోవడం వెళ్ళేది కాదు. వాడు పైకి ఎక్కుతున్నది అలాగ.

ఇది సుంకులమ్మకి తెలియదు. పరిమళరావుకి తెలుసో తెలియదో నాకు తెలియదు.

"ఇప్పుడేం చేయమంటావు తమ్ముడూ?"

"మొదటి పేరు నీది. రెండోదీ నీదే అయితే? మూడోదీ నీదే, నాలుగోదీ నీదే అయితే? ఈరన్నగాడి పేరు వచ్చేసరికి అడిగినవాడు నీ బండెక్కి కాలు చాపుకుని కూర్చుంటాడు."

"నాకున్నది ఒక్క పేరే కదయ్యా?"

"అదే అక్కా నీకున్న జబ్బు!" అన్నాడు వాడు ప్రేమగా. "బండ ఒక్కటే ఉండనీ. నువ్వూ ఒక్కదానివే ఉండు. దారులు పెంచుదాం. ఒక్కో దారి మొదట్లో ఒక్కో పేరు. ఎటు నుంచి వచ్చినా చేరేది నీ దగ్గరికే. పేర్ల కోసం నువ్వు వెతుక్కోనక్కర్లేదు, నా దగ్గరున్నాయి."

వాడి దగ్గర నిజంగానే ఉన్నాయి. అడవిలో పనికొచ్చే పేర్లన్నిటికీ ముందే తన వాసన పూసి అట్టే పెట్టుకున్నాడు. ఇంకెవరైనా వాడుకోబోతే "అది నాది, వాసన చూసుకో" అనేవాడు. పేరు వాడిది, పని మాత్రం ఎదుటివాళ్ళది. ఇప్పుడు ఒక్కొక్కటీ బయటికి తీశాడు.

"నొప్పిలేనిముల్లు. చిటుక్కునముల్లు. దగ్గర్లోముల్లు. అడవిలోమొదటిముల్లు. చవకముల్లు. ఇదిగో, దీన్ని నేనెవరికీ ఇవ్వలేదు, నీకోసమే దాచాను, ముల్లుముల్లుముల్లు."

"మూడుసార్లు ఎందుకు?"

"గోరింక మూడుసార్లు వింటుంది."

సుంకులమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "మరి నా పేరో?"

"ఏముంది నీ పేర్లో? ‘సుంకులమ్మ’ అన్న మాటలో ముల్లు ఎక్కడైనా ఉందా? కాలికి గుచ్చుకున్నవాడు ‘ముల్లు’ అని అరుస్తాడా, ‘సుంకులమ్మా’ అని అరుస్తాడా? ఆ పాత దారిని అలా వదిలెయ్. దాన్ని చూసే టైము కూడా నీకుండదు ఇక."

నిజం చెప్పాలంటే చాలామంది "సుంకులమ్మో!" అనే అరిచేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకి గుర్తుకొచ్చి ఉండాల్సింది. కానీ పునుగు వాసన ముక్కుకి ఎక్కాక బుర్ర ఎక్కడ పనిచేస్తుంది? దాచుకున్న ఇప్పపూల కుప్పలో సగం వాడి ముందు పోసింది. వాడు మిగతా సగం వైపు చూస్తూ వెళ్ళిపోయాడు.

దారులు పడ్డాయి. ఒక్కో దారికి ఒక్కో టోపీ కూడా పెట్టుకోమన్నాడు పరిమళరావు, వచ్చినవాళ్ళకి వేరే చోటికి వచ్చినట్టు ఉండాలట. నొప్పిలేనిముల్లుకి మోదుగాకు టోపీ, చిటుక్కునముల్లుకి టేకాకు టోపీ, చవకముల్లుకి చిరిగిన మారేడాకు టోపీ. బండ ఒకటే, ఊట ఒకటే, వేళ్ళు అవే. టోపీలు మాత్రం మారుతున్నాయి.

మొదట్లో భలే నడిచింది. ముల్లు అని అడిగితే చాలు, పలుకులమ్మ నోట్లోంచి ఒకదాని వెనక ఒకటి సుంకులమ్మ దారులే. ఆవిడ రోజుకోసారి ఎవరో ఒకర్ని పంపించి అడిగించుకుని మరీ మురిసిపోయేది. "విన్నావా? అన్నీ నావే!" అని ఊటలో తన మొహంతో చెప్పుకునేది. పాత దారిలో గడ్డి మొలిచింది. తర్వాత తుప్పలు. ఆవిడ అటు తలెత్తి చూస్తే ఒట్టు.

ఒక సాయంత్రం జింక చుక్కమ్మ చెలమ దగ్గరికి వచ్చి, "ఇవాళ నొప్పిలేనిముల్లుకి వెళ్ళాను. ఎంత హాయిగా తీసిందో!" అంది.

పక్కనే నీళ్ళలో దిగబోతున్న అడవిపంది బొజ్జప్ప నవ్వాడు. "నువ్వింకా అక్కడే ఉన్నావా? దగ్గర్లోముల్లుకి వెళ్ళి చూడు. అక్కడొక కొండముచ్చు ఉంది తల్లీ, ఆవిడ చేతిలో ఏదో మహిమ ఉంది."

"మా దగ్గరా కొండముచ్చే."

"ఉంటుంది ఉంటుంది. కాస్త పేరు రాగానే అందరూ కొండముచ్చుల్ని పెట్టేస్తున్నారు. మీది నకిలీ."

"నోరు కడుక్కో! మా ఆవిడ జిల్లేడు పాలు వేసి మరీ తీస్తుంది."

"మా ఆవిడ దగ్గర కొట్టేసిన విద్య అది!"

కొమ్ముల్లేని చుక్కమ్మ బొజ్జప్పని పొడవబోయింది. అందరూ కలిసి విడదీశారు. ఇద్దరి కాళ్ళలోంచీ ముల్లు తీసిన చేయి ఒక్కటేనని అక్కడున్న ఒక్కరికీ తట్టలేదు.

తర్వాత కణితి పెద్దాయన వంతు, అంటే ముసలి దుప్పి. ఈయన ఏ విషయంలోనూ ఒక్కరి మాట నమ్మని రకం. తుమ్మముల్లు లోతుగా దిగితే నొప్పిలేనిముల్లుకి వెళ్ళాడు. సుంకులమ్మ మోదుగాకు టోపీతో చూసి, "లోతుగా ఉందండీ, పాలు వేశాను, రేపు మెత్తబడితే తీస్తాను" అంది. ఆయనకి నచ్చలేదు. చుట్టూ తిరిగి చిటుక్కునముల్లు దారిన వచ్చాడు. ఆవిడ పరిగెత్తుకుంటూ బండ ఇవతలికి దూకి టేకాకు టోపీ పెట్టుకుంది.

"ఇంతకుముందు ఎక్కడైనా చూపించారా?" అని అడిగింది ఆయాసపడుతూ.

"చూపించాను. ఆ నొప్పిలేనిముల్లులో. రేపు రమ్మంది. ఆవిడకి పని రాదనుకుంటా."

ఇక్కడ సుంకులమ్మ గిరాకీ పోకూడదని, "రాదండీ, ఆవిడకి ఏమీ రాదు" అంది.

ఇంతకాలం ఎవరి చేతా మాట పడలేదు సుంకులమ్మ. తన పనిని మొట్టమొదట వెక్కిరించింది తనే. కణితి పెద్దాయన ఆ సాయంత్రం చెలమ దగ్గర, "నొప్పిలేనిముల్లు దండగట, చిటుక్కునముల్లు ఆవిడే ఒప్పుకుంది" అని అందరికీ చాటాడు. విన్నవాళ్ళంతా తలలూపారు.

ఈలోగా చీమలు తిరుగుతూనే ఉన్నాయి. నొప్పిలేనిముల్లు దారి చివరిదాకా పాకాయి. బండ, ఊట, కొండముచ్చు. దగ్గర్లోముల్లు దారి పాకాయి. బండ, ఊట, కొండముచ్చు.

"ఈవిడకి అక్కచెల్లెళ్ళు చాలామంది ఉన్నట్టున్నారే" అంది ఒక చీమ.

"అందరికీ ఎడమ చెవి మీద అదే గాటు ఉందా?" అంది వెనకాల చీమ.

ముల్లుముల్లుముల్లు దారి కూడా చూసొచ్చి పలుకులమ్మకి మొత్తం చెప్పేశాయి. పలుకులమ్మకి ఒళ్ళు మండిపోయింది. నమ్మి అడిగినవాళ్ళకి ఒకే బండ పేరు ఆరుసార్లు చదివిస్తారా నా చేత! ఆ పూట నుంచే ఆ దారులన్నిటినీ వరసలో అట్టడుగుకి తోసేసింది. అడుగున ఉన్న పేరు సంగతి నేను ముందే చెప్పాను. వినేవాడే ఉండడు.

నీడబండ దగ్గర సందడి ఆగిపోయింది. సుంకులమ్మ టోపీలన్నీ పక్కన పెట్టుకుని దారులన్నిటి వైపూ చూస్తూ కూర్చుంది. ఎటు నుంచీ ఒక్క గిట్ట చప్పుడు లేదు. సభ ఇంకెన్నాళ్ళో లేదని గుర్తొచ్చి, నల్లమద్ది చెట్టు కిందకి పరిగెత్తింది.

"ఏం పాపం చేశానమ్మా, నన్ను కిందికి దించేశావు?"

"నేనెవర్నీ దించనమ్మా" అంది పలుకులమ్మ రెక్కలు సర్దుకుంటూ. "లెక్క దించింది."

"మరి మొదట ఎవరున్నారు?"

"ఈరన్న."

"వాడా! వాణ్ణి అడవంతా తిడుతోంది కదమ్మా!"

"తిట్టో పొగడ్తో నాకెందుకు? చెలమ దగ్గర అందరూ ఆ పేరే అంటున్నారు. నాకు కావలసింది పేరు."

"నా దగ్గరికొచ్చినవాళ్ళు వాడి దగ్గరికెళ్ళినవాళ్ళకి నాలుగింతలు ఉంటారు!"

"ఉంటారు. నేను కాదనడం లేదు. ఒకడు నొప్పిలేనిముల్లు అన్నాడు, ఒకడు చవకముల్లు అన్నాడు. అందరూ మెచ్చుకున్నారు, ఎవర్ని మెచ్చుకున్నారో మాత్రం తలా ఒక పేరు చెప్పారు. ఉన్న మంచిపేరుని చిల్లర చేసి పంచిపెట్టింది నువ్వా నేనా?"

"అయితే నా పాత పేరుకి మళ్ళీ..."

"పాత దారిలో తుప్పలు మొలిచాయని చీమలు వెనక్కొచ్చేశాయి. దారి లేకపోతే పేరెలా ఉంచుతాను? తీసేశాను."

"ఇప్పుడేం చేయాలమ్మా? కాళ్ళు పట్టుకుంటా!"

"నా కాళ్ళు చిన్నవి, వదిలెయ్. కొత్త దారుల మొదట్లో కొమ్మలు అడ్డం పెట్టి, వచ్చినవాళ్ళని పాత దారికి మళ్ళించు. మొదట్లోనే ఆ పని చేసుంటే నేనూ అన్నీ కలిపి నీ లెక్కలోనే వేసేదాన్ని. చీమలు మళ్ళీ వచ్చినప్పుడు చూస్తాయి."

"ఎప్పుడొస్తాయి?"

"అది చీమల ఇష్టం" అంది పలుకులమ్మ. అని, తేనె ఎక్కడ అని అడగడానికొచ్చిన ఎలుగుబంటి వైపు తిరిగింది.

ఆ రోజు నుంచి సుంకులమ్మ తన పాత దారిలో తుప్పలు పీకడం మొదలుపెట్టింది. ఒంటరిగా, ఒట్టి చేతులతో. రేగుముళ్ళు, తుమ్మముళ్ళు వేళ్ళ నిండా దిగాయి. ఎందరికో ముళ్ళు తీసిన చేతులు, తన ముల్లు తను తీసుకోవడానికి వీల్లేకుండా వాచిపోయాయి. ఏడుద్దామంటే ఎవరి మీద ఏడవాలి?

సరిగ్గా అప్పుడే మళ్ళీ వాసన వచ్చింది.

"అక్కా, విన్నాను" అన్నాడు పరిమళరావు, గొంతులో బోలెడు బాధ పెట్టుకుని. "నీలాంటివాళ్ళ కోసమే కొత్తగా ఒకటి మొదలుపెట్టాను. పేర్లన్నీ కలిపి ఒక్క పేరు చేసిపెడతాను. ఆ మిగిలిన ఇప్పపూలు..."

సుంకులమ్మ చేతికందిన తుమ్మకొమ్మ విసిరింది. వాడు తప్పించుకుని, తోక దులుపుకుని, ఈరన్న తుప్ప వైపు నడిచాడు. ఈరన్న వాడి మాటలన్నీ విన్నాడు గానీ ఇప్పపూలు ఒక్కటి కూడా రాల్చలేదట. పిసినారితనం కూడా ఒక్కోసారి తెలివితేటల్లాగే కనిపిస్తుంది. పాత దారి సగం బాగుపడింది. చీమలు ఇంకా రాలేదు. సభ రోజు వచ్చేసింది.

ఆ ఏడు సభకి మామూలుకంటే ఎక్కువమంది వచ్చారు. కారణం, పెద్దపులి దొరకే ముల్లు దిగింది. ముందుకాలిలో, గట్టి తుమ్మముల్లు. దొర నేల మీద చతికిలపడి మూలుగుతున్నాడు. సభ పెద్ద అడవిదున్న దుర్గప్ప. నిబంధన అంటే ప్రాణం పెడతాడు, ప్రాణాలు పోతున్నా పెడతాడు.

"ఈసారి రెండూ ఒకేసారి తేల్చేద్దాం" అన్నాడు దుర్గప్ప. "ఎవరి పేరు ముందుంటే వాళ్ళకే నీడబండ. దొరవారి కాలు ముట్టుకునేది కూడా వాళ్ళే."

సుంకులమ్మ గుంపుని తోసుకుంటూ ముందుకొచ్చింది. "దొరా, నేను తీస్తాను. రెప్పపాటులో తీస్తాను. కాలు ఇలా ఇవ్వండి."

"ఇచ్చెయ్యండ్రా ఎవరో ఒకరికి!" అన్నాడు దొర పళ్ళు బిగబట్టి.

"ఎవరో ఒకరికి ఇవ్వడానికి వీల్లేదు దొరా" అన్నాడు దుర్గప్ప. సుంకులమ్మ వైపు తిరిగాడు. "నీ పేరు?"

"సుంకులమ్మ."

దుర్గప్ప పైకి చూశాడు. పలుకులమ్మ కొమ్మ మీద నుంచి, "ఆ పేరుతో ముల్లు తీసేవాళ్ళు ఈ అడవిలో ఎవరూ లేరు" అంది.

"అయ్యో, ఇదిగో నేనే! కళ్ళెదురుగా ఉన్నాను!"

"ఉంటే ఉన్నావు. సాక్ష్యం ఉందా?" అన్నాడు దుర్గప్ప.

సుంకులమ్మకి ప్రాణం లేచొచ్చింది. సాక్ష్యానికేం తక్కువ! ఆ సభలో ఆవిడ ముల్లు తీయని కాలు లేదు. "చుక్కమ్మా, చెప్పు తల్లీ, నీ ముల్లు తీసిందెవరు?"

చుక్కమ్మ అబద్ధం చెప్పే రకం కాదు. "నొప్పిలేనిముల్లు వాళ్ళు" అంది.

"నువ్వు చెప్పు బొజ్జప్పా!"

"దగ్గర్లోముల్లు. అసలైనది అదే, ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు బొజ్జప్ప చుక్కమ్మ వైపు గుర్రుగా చూసి.

"అది నేనేనయ్యా! రెండూ నేనే!"

"మా ఆవిడ మోదుగాకు టోపీ పెట్టుకుంటుంది" అంది చుక్కమ్మ అనుమానంగా. "నీకు టోపీ లేదే?"

సుంకులమ్మ ఆఖరి ఆశగా కణితి పెద్దాయన వైపు తిరిగింది. "అయ్యా, మీరైనా చెప్పండి. టోపీ ఏదైనా చేయి నాదే కదా?"

పెద్దాయన ఆవిడ మొహంలోకి చూశాడు. గుర్తుపట్టాడు కూడా. "నొప్పిలేనిముల్లు ఆవిడకి ఏమీ రాదని నాతో చెప్పింది నువ్వే కదమ్మా. ఇప్పుడు ఆవిడ నువ్వేనంటే, నేను నీ ఏ మాట నమ్మాలి?"

సుంకులమ్మ వాచిన చేతులు వెనక్కి దాచుకుని నిలబడిపోయింది. అంత మంది కాళ్ళు బాగుచేసి, వాళ్ళ మధ్యలోనే ఎవరూ కాకుండా పోయింది పాపం.

"సరే, ఇంకో పేరు చూద్దాం" అన్నాడు దుర్గప్ప. "కోతి ఈరన్న. ఇతను ఎవరికైనా తెలుసా?"

సభ మొత్తం ఒక్కసారిగా లేచింది.

"ఎందుకు తెలియదు! ఈరన్నే, నా కాలు పాడుచేసింది!"

"ఈరన్న దగ్గరికెళ్ళి మూడు వారాలు మంచాన పడ్డాను!"

"ఈరన్నా, నీ చేతులు పడిపోను!"

"ఈరన్న! ఈరన్న! ఈరన్న!"

దుర్గప్ప కొమ్ములాడించి అందర్నీ ఊరుకోబెట్టాడు. ఆయన మొహంలో ఎక్కడలేని తృప్తి. "ఏళ్ళ తరబడి సభ నడుపుతున్నాను. ఇంత ఏకగ్రీవంగా ఒక్క పేరు రావడం ఇదే మొదటిసారి. బండ ఈరన్నది. కాలు కూడా ఈరన్నదే. ముగిసింది."

ఈరన్నకి మొదట నమ్మకం కుదరలేదు. కుదిరాక మూతి తుడుచుకుని వచ్చి, దొర కాలు రెండు చేతులా పట్టుకుని, ముల్లుని పళ్ళతో ఒక్క లాగు లాగాడు. సగం వచ్చింది. "అంతే దొరా, అయిపోయింది, రెండ్రోజులు సలుపుతుంది" అని, ఎందుకైనా మంచిదని దగ్గర్లో ఉన్న చెట్టెక్కేశాడు.

దొర లేచి వాడి వెంట పడదామనుకున్నాడు. లేస్తే కదా! కాలు నేల మీద ఆనించగానే అడవి దద్దరిల్లేలా గర్జించాడు, "ఒరేయ్ ఈరన్నా!" అని. కొండ అవతల నుంచి అదే పేరు తిరిగొచ్చింది. మళ్ళీ అరిచాడు. మళ్ళీ వచ్చింది. పలుకులమ్మ తల పక్కకి వంచి అన్నిటినీ శ్రద్ధగా లెక్కలో వేసుకుంది.

ఆ సాయంత్రం కుంటుకుంటూ దొర నల్లమద్ది కిందకి వచ్చి, "ముల్లు తీసేవాళ్ళు ఇంకెవరూ లేరా?" అని అడిగాడు. సుంకులమ్మ అప్పటికి గుహలో సామాను మూట కట్టుకుని అదే దారిన పోతోంది, దొర ఎదురుగా చేయి చాపితే అందేంత దూరంలో.

"ఎందుకు లేరు దొరా?" అంది పలుకులమ్మ. "మొదటి పేరు, ఈరన్న."

దొరకి రెండో పేరు దాకా ఆగే ఓపిక లేదు. వెనక్కి తిరిగి నీడబండ వైపే కుంటుతూ పోయాడు.

ఇందులో తెలుసుకోవాల్సింది ఒక్కటే: మీకు పని రాకపోయినా నష్టం లేదు, తిట్టేవాళ్ళంతా ఒకే పేరు పెట్టి తిట్టేలా మాత్రం చూసుకోండి.